ప్రశ్న–జవాబు: కుస్కో ఎర్రచొక్కాలు

దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీల్లో పెరూ దేశానికి కప్పు తెచ్చిన ఒకే ఒక్క సీనియర్ జట్టు రాజధాని లీమాది కాదు, కొండల మీది కుస్కోది అని పోయిన సంచికలో ఒక వాక్యం రాశాం. ఆ జట్టు పేరు సియెన్సియానో. ఆ ఒక్క వాక్యం మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహం నలుగురు అడిగిన చోట ఒక్కరి ఉత్తరమే వేశాం.

సియెన్సియానో అంటే ఏమిటి? ఊరి పేరా, మనిషి పేరా?
— ఒక టీచరు, విజయనగరం

రెండూ కాదండీ, మీకు దగ్గరి విషయమే. అది ఒక బడి పేరు. స్పెయిన్ పాలన నుంచి ఆ దేశాలను విడిపించిన సిమోన్ బొలీవార్ 1825లో కుస్కోలో ఒక బడి పెట్టించాడు. దాని పేరు కొలేహియో నాసియొనాల్ దే సియెన్సియాస్. సియెన్సియాస్ అంటే శాస్త్రాలు. హైదరాబాద్ మనిషిని హైదరాబాదీ అన్నట్టే సియెన్సియాస్ బడివాణ్ణి సియెన్సియానో అంటారు. 1901 జులై 8న ఆ బడి కుర్రాళ్ళు కట్టుకున్న జట్టే ఇది. చొక్కా ఎరుపు.

లీమాలో పేరుమోసిన అలియాంసా లీమా క్లబ్బు పుట్టింది కూడా 1901లోనే. ఈ సంవత్సరం గుర్తుంచుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

1901లో పుట్టిన జట్టు పేరు అన్ని దశాబ్దాలు దేశానికి ఎందుకు వినబడలేదు? అంత బలహీనంగా ఉండేదా?
— ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

బలహీనం అనలేం, అసలు పిలుపే లేదు. పెరూ చాంపియన్‌షిప్ 1912లో మొదలైనా, ఆడింది లీమా, దాని పక్కనే ఉన్న కాయావ్ రేవు జట్లే. 1951లో ప్రొఫెషనల్ ఆట వచ్చింది, అదీ ఆ రెండు ఊళ్ళకే. అప్పట్లో "జాతీయ చాంపియన్" అంటే నిజానికి రాజధాని చాంపియన్ అన్నమాట. కుస్కో, అరెకీపా, త్రుహీయో ఊళ్ళలో వాళ్ళ వాళ్ళ లీగులు నడిచేవి. సియెన్సియానో కుస్కో లీగులో పదేపదే గెలిచేది. ఆ గెలుపు కొండ దిగి బయటికి పోయే దారి లేదు.

1966లో బయటి ఊళ్ళ జట్లను తొలిసారి పెద్ద పోటీలోకి తీసుకున్నారు. మరుసటి ఏడు, 1967లో, కోపా పెరూ మొదలైంది. ఊరి జట్టు పైకెక్కడానికి వేసిన నిచ్చెన అది. ముందు దిస్త్రితో స్థాయిలో ఆడాలి. మన లెక్కలో అది మండలం లాంటిది. అక్కడ ముందు నిలిచినవాళ్ళు ప్రొవిన్సియాకి, అంటే జిల్లా లాంటిదానికి, వెళ్తారు. అక్కడ నెగ్గితే దెపార్తమెంతో, మన రాష్ట్రం లాంటిది. ఆపైన జాతీయ దశ. ఆ చివరి మెట్టు గెలిచిన జట్టు చాలా ఏళ్ళ పాటు నేరుగా మొదటి డివిజన్‌లో పడేది. మధ్యలో నిబంధనలు ఎన్నోసార్లు మార్చారు కానీ మెట్ల వరస మాత్రం అదే.

వినడానికి తేలిగ్గా ఉన్నా ఇందులో చాలా జట్లు విరిగిపోయేది ఆట దగ్గర కాదు, ప్రయాణం దగ్గర. పెరూలో ఒక వైపు ఎడారి తీరం, మధ్యలో ఆండీస్ కొండలు, అవతల అమెజాన్ అడవి. ఒక ఆదివారం ఇసక నేల మీద సముద్రమట్టాన ఆడిన కుర్రాళ్ళు మరో ఆదివారం 3,800 మీటర్ల ఎత్తున ఆడాల్సి రావచ్చు. పగలు ఉద్యోగం చేసుకునేవాళ్ళకి రెండు రాత్రుల బస్సు ప్రయాణం అంటే రెండు రోజుల జీతం పోయినట్టే. నిలబడిన క్లబ్బుల వెనక ఒక బడో, విశ్వవిద్యాలయమో, మునిసిపాలిటీయో ఉండటం అందుకే. సియెన్సియానోకి ఆ ఆసరా పుట్టుకతోనే ఉంది. 1970లలో అది మొదటి డివిజన్ దాకా వచ్చింది, జారింది, మళ్ళీ వచ్చింది.

2003లో అసలు ఎవరెవరిని ఓడించారు? స్కోర్లతో సహా రాయగలరా?
— ఒక ఫుట్‌బాల్ అభిమాని, సికింద్రాబాద్

రాస్తాం. తీరిగ్గా రాయదగ్గ సంగతి ఇదే.

పోటీ పేరు కోపా సుదామెరికానా. ఆ ఖండంలో లిబెర్తదోరెస్ తర్వాత రెండో పెద్ద క్లబ్బు కప్పు. అప్పటికది రెండో ఏడు మాత్రమే. కోచ్ ఫ్రెడ్డీ తెర్నేరో. ఆయన నినాదం "సీ సే ప్వేదె", అంటే "అవును, మన వల్ల అవుతుంది". ఆ మాట తర్వాత దేశమంతా పాకింది. ఆయన ఆ పైన లీమాలోని సాన్ మార్తీన్ దే పొర్రెస్ ప్రాంతానికి మేయరుగా కూడా ఎన్నికయ్యాడు, 2015లో కన్నుమూశాడు.

మొదట సొంత దేశపు అలియాంసా లీమాని దాటారు. తర్వాత చిలీ జట్టు యూనివర్సిదాద్ కతోలికా. కుస్కోలో 4–0, శాంతియాగోలో 1–3. రెండు ఆటలు కలిపి 5–3. ఇక్కడి దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. క్వార్టర్ ఫైనల్లో ఎదురైంది బ్రెజిల్ జట్టు శాంటోస్, పేలే ఆడిన క్లబ్బు. అదే ఏడు లిబెర్తదోరెస్ ఫైనల్ ఆడి వచ్చింది. రొబిన్యో, దియేగో అప్పుడు అక్కడి కుర్రాళ్ళు. శాంటోస్ మైదానంలో 1–1, కుస్కోలో 2–1. సెమీఫైనల్లో కొలంబియా జట్టు అత్లెతికో నాసియొనాల్. మెదెయీన్ వెళ్ళి 2–1తో గెలిచి, ఇంటి దగ్గర 1–0తో ముగించారు.

ఫైనల్లో అర్జెంటీనా జట్టు రివర్ ప్లేట్, కోచ్ మాన్యుయెల్ పెల్లెగ్రీని. డిసెంబర్ 10న బ్యూనస్ ఎయిరీస్‌లో మొదటి ఆట 3–3. సియెన్సియానోకి గోల్స్ వేసినవాళ్ళు జులియానో పోర్తియా, హెర్మాన్ కార్తీ. ఆ పోటీ మొత్తంలో 6 గోల్స్‌తో అందరికన్నా ముందున్నది కార్తీయే. ఆయన వయసు అప్పటికి 35. గోల్ కీపర్ ఓస్కార్ ఇబాన్యెస్ ఇంకో ఏడాది పెద్ద. కుర్ర జట్టు కాదది. పెద్ద క్లబ్బులు ఇక చాలనుకున్నవాళ్ళూ, వాటి దాకా చేరనివాళ్ళూ కలిసిన జట్టు.

రెండో ఆట డిసెంబర్ 19న. అది కుస్కోలో జరగాలి, కానీ జరగలేదు. ఫైనల్ పెట్టే మైదానంలో 40,000 మంది పట్టాలన్నది ఖండపు సమాఖ్య నిబంధన. కుస్కో స్టేడియంలో అప్పుడు పట్టేది సుమారు 22,000 మంది. అందుకని ఆటని అరెకీపా ఊళ్ళోని విశ్వవిద్యాలయ స్టేడియానికి మార్చారు. కుస్కో నుంచి ఒక రాత్రి బస్సు దూరం. అభిమానులు ఎర్రచొక్కాలతో దిగారు. ఊరు మారినా జనం మారలేదు.

ఆ ఆటలో సియెన్సియానోకి రెండు ఎర్ర కార్డులు పడ్డాయి, హువాన్ కార్లోస్ లా రోసాకీ పోర్తియాకీ. ముగిసేసరికి మైదానంలో వాళ్ళు తొమ్మిది మందే. అయినా 78వ నిమిషంలో పరాగ్వే దేశస్థుడు కార్లోస్ లూగో ఫ్రీ కిక్‌తో గోల్ వేశాడు. 1–0. మొత్తం 4–3.

తొమ్మిది మంది అంటే ఏమిటో కాస్త లెక్క చూడండి. గోల్ కీపర్ పోగా ఎనిమిది మంది. నలుగురు వెనక గీతలో, ముగ్గురు వాళ్ళ ముందు, ఒక్కడు పైన. ఆ ఒక్కణ్ణి కూడా వెనక్కి లాగేస్తే బంతి కొట్టిన ప్రతిసారీ తిరిగి మన మీదికే వస్తుంది, ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. వదిలేస్తే మధ్యలో ఒక మనిషి తక్కువ. అంచుల్ని ఎదుటి జట్టుకి వదిలేసి, పెనాల్టీ పెట్టె ముందు గుమిగూడి, గాల్లోంచి వచ్చే ప్రతి బంతినీ తలతో బయటికి కొట్టడం తప్ప వేరే దారి ఉండదు. రివర్ ప్లేట్ లాంటి జట్టు మీద అలా నిలబడటం ఎంత కష్టమో ఫుట్‌బాల్ ఆడినవాళ్ళెవరికైనా తెలుసు.

మరుసటి ఏడు రెకోపా. రెండు పెద్ద కప్పుల విజేతల మధ్య ఆట. ఎదుట బోకా జూనియర్స్. 2004 సెప్టెంబర్ 7న అమెరికాలోని ఫ్లోరిడాలో, ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఆడారు. కార్లోస్ తేవెజ్ ముందు బోకాకి గోల్ ఇచ్చాడు. 89వ నిమిషంలో రోద్రిగో సారాస్ సమం చేశాడు. పెనాల్టీల్లో 4–2తో సియెన్సియానో గెలిచింది. తొమ్మిది నెలల్లో అర్జెంటీనాలోని రెండు మహా జట్లూ కుస్కో చేతిలో ఓడాయి.

కుస్కో చాలా ఎత్తున ఉంది కదా. పైకి వచ్చినవాళ్ళు ఊపిరాడక ఓడిపోయారు, అంతే కదండీ?
— ఒక ఇంజనీరు, బెంగళూరు

ఈ ప్రశ్నే ఎక్కువమంది అడిగారు. ఎత్తు సాయం చేసింది, నిజం. అంతే అనడం మాత్రం అన్యాయం.

ముందు సాయం సంగతి. కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. మన లేహ్‌తో ఇంచుమించు సమానం. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండొంతులు. గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, ఒత్తిడి తగ్గడంతో ఒక్కో శ్వాసకి ఊపిరితిత్తుల్లోకి చేరేది తగ్గుతుంది. మోటు లెక్కగా 1,500 మీటర్లు దాటాక ప్రతి 100 మీటర్లకీ ఆటగాడి గరిష్ఠ దమ్ము ఒక శాతం చొప్పున పడిపోతుంది. కుస్కోలో అలవాటు లేనివాడికి ఐదో వంతు దాకా పోతుంది. ఒక్క పరుగు తీయడానికి ఇబ్బంది ఉండదు. ఆ పరుగు తర్వాత కోలుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది. అందుకే పైకి వచ్చిన జట్లు మొదటి అరగంట బాగానే కనిపించి, రెండో సగంలో కాళ్ళు లాగలేక ఆగిపోతాయి.

బంతి కూడా మారుతుంది. గాలి పలచన కాబట్టి రాపిడి తక్కువ, దూరంగా, వేగంగా పోతుంది. గిరగిరా తిప్పి కొట్టిన బంతి వంపు తిరగడం తగ్గుతుంది. తీరప్రాంతపు ఆటగాడు వేసిన పొడుగు పాస్ గీత దాటిపోతుంది. గోల్ కీపర్ అంచనా ఒక అడుగు తప్పుతుంది. ఈ రెండో సంగతి చాలామంది కోచ్‌లకు వచ్చాక గానీ తెలిసిరాదు.

అలవాటు పడాలంటే కనీసం వారం పది రోజులు ముందు రావాలి. అంత వ్యవధి క్లబ్బులకు దొరకదు. కాబట్టి చాలా జట్లు ఆటకి కొద్ది గంటల ముందే దిగి, ఆడేసి, ఆ రాత్రే వెళ్ళిపోతాయి. తలనొప్పి, నిద్రలేమి ముదిరేలోపు పని ముగించాలన్నది ఎత్తుగడ. ఒకటి రెండు రోజులు ముందు రావడం అన్నిటికన్నా తప్పు లెక్క. అలవాటూ పడరు, అస్వస్థత మాత్రం సరిగ్గా ఆట వేళకే పట్టుకుంటుంది.

ఇక రెండో వైపు. పైన స్కోర్లు మళ్ళీ చూడండి. శాంటోస్ మైదానం సముద్రం పక్కన, అక్కడ 1–1. మెదెయీన్ ఎత్తు 1,500 మీటర్లు, అక్కడ గెలుపు. బ్యూనస్ ఎయిరీస్ నదీ తీరం, అక్కడ మూడు గోల్స్. ఫ్లోరిడా అయితే నీళ్ళతో సమానం. పరాయిగడ్డ మీద చిలీలో ఒక్క ఆటే ఓడారు. కప్పు తేల్చిన ఆట జరిగిన అరెకీపా ఎత్తు 2,335 మీటర్లు. 2007 మేలో ఫీఫా "ఎత్తైన ఊళ్ళలో అంతర్జాతీయ ఆటలు వద్దు" అని నిషేధం పెట్టినప్పుడు గీత గీసింది 2,500 దగ్గర. జూన్‌లో దాన్ని 3,000కి జరిపింది, బొలీవియా గట్టిగా పోరాడాక 2008లో పక్కన పెట్టేసింది. అంటే ఫీఫా పెట్టిన కొలత ప్రకారమే ఆ ఫైనల్ ఎత్తైన ఊళ్ళో జరిగిన ఆట కాదు. తొమ్మిది మందితో మిగిలి కూడా గెలిచినవాళ్ళ ఘనతని గాలి ఖాతాలో వేయొద్దని మా గట్టి అభిప్రాయం.

ఇంకో మాట. ఎత్తే కప్పులిస్తే కుస్కోకన్నా పైనున్న ఊళ్ళన్నిటికీ ఈపాటికి బీరువాల నిండా కప్పులుండాలి.

ఇంత గెలిచిన జట్టు పెరూ చాంపియన్ ఎన్నిసార్లు అయింది?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

ఒక్కసారి కూడా కాలేదమ్మా. మూడుసార్లు అంచు దాకా వచ్చింది. 2001లో, రెండు క్లబ్బులకూ నూరేళ్ళు నిండిన ఏడు, ఫైనల్లో అలియాంసా లీమా. లీమాలో 2–3, కుస్కోలో 1–0, పెనాల్టీల్లో ఓటమి, అదీ సొంత జనం ముందు. 2005లో స్పోర్టింగ్ క్రిస్తాల్ చేతిలో 0–1. 2006లో మళ్ళీ అలియాంసాయే. కుస్కోలో 1–0తో గెలిచి లీమాలో 1–3తో ఓడింది.

తర్వాత 2015లో రెండో డివిజన్‌కి జారిపోయింది. ఖండపు కప్పు గెలిచిన పన్నెండేళ్ళకే! నాలుగు సీజన్లు అక్కడే ఉండి, 2019లో రెండో డివిజన్ గెలిచి 2020లో పైకి వచ్చింది.

రాజధాని బయటి జట్లలో దేశపు కిరీటం గెలిచినవి వేరే ఉన్నాయి. 1976లోనూ 1989లోనూ ఉనియోన్ హువరాల్, 1981లోనూ 2015లోనూ అరెకీపా జట్టు మెల్గార్, 2011లో చిక్లాయో జట్టు హువాన్ అవ్రిచ్, 2019లో పూనో ప్రాంతపు బినాసియొనాల్. చివరిది పుట్టిందే 2010లో.

గార్సిలాసో పేరుతో రెండు మూడు జట్లు కనిపిస్తున్నాయి. సియెన్సియానో ఆడేది కూడా గార్సిలాసో స్టేడియంలోనే. అన్నీ ఒకటేనా?
— ఒక బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

కాదండీ, ఇది అక్కడికి కొత్తగా వెళ్ళినవాళ్ళు కూడా పడే గందరగోళమే. "ఇంకా" గార్సిలాసో దే లా వేగా 1539లో కుస్కోలో పుట్టిన రచయిత. తల్లి, స్పెయిన్ వాళ్ళు రాకముందు అక్కడ ఏలిన "ఇంకా" అనే రాజవంశపు స్త్రీ, తండ్రి స్పెయిన్ సైనికాధికారి. ఆయన పేరే స్టేడియానికి పెట్టారు. అది ప్రభుత్వ క్రీడా సంస్థది, ఏ క్లబ్బుదీ కాదు. దేపోర్తివో గార్సిలాసో 1957లో అదే పేరున్న బడి నుంచి వచ్చిన జట్టు. లేత నీలి చొక్కా, ముద్దుపేరు "ఆకాశపు ముక్క". సియెన్సియానోకి అసలైన పోటీ వీళ్ళే. ఒక బడివాళ్ళకీ ఇంకో బడివాళ్ళకీ మధ్య పంతం అది, ఇళ్ళలో అన్నదమ్ముల మధ్య కూడా నడుస్తుంది. 2022లో కోపా పెరూ గెలిచి వాళ్ళు పెద్ద డివిజన్‌కి వచ్చారు. రెయాల్ గార్సిలాసో అన్నది 2009లో పెట్టిన వేరే క్లబ్బు, ఇప్పుడు దాని పేరు కుస్కో ఎఫ్‌సీ. స్కోరు చూసేటప్పుడు "గార్సిలాసో" అని మాత్రమే ఉంటే ఏ ఏటి స్కోరో ముందు చూసుకోండి. 2020కి ముందుదైతే రెయాల్ అయ్యే అవకాశమే ఎక్కువ.

మాచు పిచ్చు చూడటానికి వెళ్తున్నాం. కుస్కోలో ఒక మ్యాచ్ చూడాలని మా అబ్బాయి కోరిక. ఎలా కుదుర్చుకోవాలి?
— ఒక కుటుంబం, డాలస్

తప్పకుండా చూడండి. స్టేడియం ఊరి నడిబొడ్డుకి నడిచిపోయేంత దగ్గర. 2004లో దక్షిణ అమెరికా దేశాల మధ్య జరిగిన కోపా అమెరికా కోసం సుమారు 42,000 మంది పట్టేలా పెంచారు. ఆ పోటీలో మూడో స్థానం ఆట అక్కడే జరిగింది.

ముందు ఆరోగ్యం. లీమా నుంచి విమానం దిగిన రోజే కుస్కోలో మెట్లెక్కి మ్యాచ్ చూడాలనుకోవద్దు. మాచు పిచ్చు సుమారు 2,430 మీటర్లు, ఉరుబాంబా లోయ సుమారు 2,870, రెండూ కుస్కో కన్నా కిందే. కాబట్టి దిగగానే లోయకి పోయి అక్కడ రెండు రాత్రులు పడుకోండి. మాచు పిచ్చు చూసుకుని, ఆ తర్వాత కుస్కో వచ్చి మ్యాచ్ పెట్టుకోండి. చాలామంది తిరగేసి చేసి మొదటి రెండు రోజులు గదిలో తలపట్టుకుని కూర్చుంటారు. నీళ్ళు బాగా తాగండి, మొదటి రోజులు కడుపు నిండా తినకండి. ముందుగా వేసుకునే మాత్రల సంగతి బయల్దేరే ముందే డాక్టరుని అడగండి. తలనొప్పితో పాటు వాంతులైనా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలుతున్నా ఆగకుండా కిందికి దిగాలి. మ్యాచ్ టికెట్ పోతే పోయింది.

ఆట తేదీ, వేళ చివరి వారంలో మారడం అక్కడ మామూలు. అందుకని మ్యాచ్‌కి ముందో వెనకో ఒక ఖాళీ రోజు ఉంచుకోండి. టికెట్ కొనేటప్పుడు పాస్‌పోర్ట్ నంబరు అడుగుతారు, గేటు దగ్గరా చూపించమనవచ్చు, దగ్గర పెట్టుకోండి. గ్యాలరీలకి దిక్కుల పేర్లే ఉంటాయి. ఒక్సిదెంతె అంటే పడమర, ఖరీదు ఎక్కువ. మధ్యాహ్నం ఆటకి ఎండ వీపు వైపు ఉంటుంది, పిల్లలతో అయితే ఇదే మేలు. ఓరియెంతె అంటే తూర్పు, ధర మధ్యరకం, కానీ దిగే సూర్యుడు నేరుగా కళ్ళలో పడతాడు. నోర్తె, సుర్ అంటే ఉత్తరం, దక్షిణం. టికెట్ చవక, డప్పులూ పాటలూ అక్కడే. కుటుంబంతో మొదటిసారి వెళ్ళేవాళ్ళు అక్కడ కూర్చోకపోవడం మంచిది. నీలి చొక్కా వేసుకుని వెళ్ళకండి, ముఖ్యంగా దేపోర్తివో గార్సిలాసోతో ఆట ఉన్న రోజు.

ఆ ఎత్తులో ఎండ చురుక్కుమంటుంది, నీడ పడగానే చలి. టోపీ, స్వెట్టరు రెండూ ఒకే సంచిలో ఉండాలి. జూన్, జులై రాత్రులు సున్నా దగ్గరికి దిగుతాయి. డిసెంబర్ నుంచి మార్చి దాకా వానలు, రెయిన్‌కోటు తీసుకెళ్ళండి.

హోటల్లో కోకా ఆకు టీ ఇస్తారు. అక్కడ అది చట్టబద్ధమే, ఊళ్ళోవాళ్ళందరూ తాగుతారు. కానీ ఆ ఆకులు గానీ, టీ పొట్లాలు గానీ సంచిలో వేసుకుని అమెరికాకో ఇండియాకో తేవద్దు. రెండు దేశాల్లోనూ అది మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. విమానం ఎక్కే ముందు పిల్లల బ్యాగులు కూడా ఒకసారి చూసుకోండి.